గంగాళం ఎందుకు కొట్టేశావు?

అమ్మాయ్,

అదేం జబ్బు కాదు. "రాస్తుంటే వెనకాల ఎవరో నిలబడి చదువుతున్నట్టుంటోంది మామయ్యా" అన్నావు. దానికింత కంగారెందుకు? ముందు ఆ నిలబడ్డదెవరో పోల్చుకో. ఉత్తరం నిండా నలుగురూ నలుగురూ అంటావే, ఆ నలుగురి పేర్లూ ఓ కాగితం మీద రాయి చూద్దాం. మీ పెద్దమ్మ ఒకరు. కాలేజీలో తెలుగు చెప్పిన మేడమ్ ఇంకొకరు. కథల పోటీలో బహుమతి కొట్టిన నీ స్నేహితురాలు మూడు. నాలుగో పేరు నీకే దొరకదు. వీళ్ళలో మీ పెద్దమ్మ పంచాంగం తప్ప అచ్చులో ఉన్నదేదీ ముట్టుకోగా నేను చూడలేదు.

నువ్వు పంపిన కథ రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. మొదటిదాంట్లో పంపకాల రోజున పెద్దమ్మ తాళాలగుత్తి బొడ్లో దోపుకుని, ఇత్తడి గంగాళం బోర్లించి, దాని మీద కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతుంది. వసారాలో మగాళ్ళు పొలం గట్ల గురించి అరుచుకుంటూ ఉంటారు. ఇంటి పెద్దావిణ్ణి లే అనడానికి ఎవరికీ నోరు రాదు. గంగాళం ఎవరి వాటాలోకీ పోదు. అది చదివి గట్టిగా నవ్వాను. నవ్విన కాసేపటికి పాపం అనిపించింది.

రెండో ప్రతిలో ఆవిడ "భారమైన హృదయంతో ఒక మూల కూర్చుండిపోయింది". గంగాళం ఏదే? కందిపప్పేదే? భారమైన హృదయాలు నేను పత్రికాఫీసులో ఉన్నన్నాళ్ళూ టపాలో కట్టలు కట్టలుగా వచ్చి పడ్డాయి, తిరుగు టపాకి స్టాంపులతో సహా. బోర్లించిన గంగాళం ఒక్కటీ రాలేదు.

పెద్దమ్మకి కోపం వస్తుందని కొట్టేశావు, అంతేగా. రావచ్చు. రాదని నేను హామీ ఇవ్వను. దానికి చెయ్యాల్సింది వేరు. ఊరు మార్చు, వరస మార్చు, పెద్దమ్మని మేనత్తని చెయ్యి, పొలాన్ని కొబ్బరితోట చెయ్యి. గంగాళం జోలికి మాత్రం వెళ్ళకు. చలం ఎవర్ని లెక్కచేశాడు అని వీరంగం వేశావు గానీ, చలం పేరెత్తి నువ్వే ఆ మూడు లైన్లకి భయపడి కొట్టేశావు. ఆయన మైదానం రాసి ఎన్ని తిట్లు తిన్నారో తెలుసుకుని అప్పుడు ఎత్తు ఆ పేరు.

నువ్వు తిట్ల గురించే బెంగపడుతున్నావు. నన్నడిగితే మెప్పు ఇంకా ప్రమాదం. గురజాడవారి కన్యాశుల్కం సంగతే చూడు. 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. జనం మెచ్చుకున్నారు, ఆనందగజపతి మహారాజా వారి ఆదరణ ఉండనే ఉంది. అక్కడితో ఊరుకుంటే ఆయన్ని అడిగే నాథుడు లేడు. ఊరుకోలేదు. నాటకాన్ని మొత్తం విప్పి మళ్ళీ కట్టుకొచ్చారు. అయిదంకాలది ఏడంకాలైంది. 1909లో రెండో కూర్పు వేశారు. మనింట్లో మీ తాతయ్య డైలాగులు అప్పజెప్పేది ఈ రెండోదాంట్లోంచే. మధురవాణి అంత మనిషి అయిందీ ఇందులోనే. అందరూ బాగుందన్న నాటకాన్ని ఒక్కడూ కూర్చుని, చాల్లేదని తిరగరాశాడంటే ఆ మనిషి చెవులు ఎటు పెట్టి ఉంటాడో ఆలోచించు. నేను దీని గురించి ఎప్పుడు మొదలుపెట్టినా మీ అత్తయ్య లేచి వెళ్ళిపోతుంది. ఇది ఉత్తరం కాబట్టి నువ్వు కూర్చోక తప్పదు.

కారా మాస్టారు ఇంకో తీరు. బళ్ళో పాఠాలు చెప్పుకుంటూ కథలు రాశారు, మధ్యలో కొన్నేళ్ళు రాయడమే మానేశారు, 1964లో యజ్ఞం ఇచ్చారు. సీతారాముడు కన్నబిడ్డనే చంపుకునే ఆ ముగింపు న్యాయమా కాదా అని పెద్దపెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. ముగింపు ఇవాళ్టికీ అదే. శ్రీకాకుళంలో ఆయన పెట్టిన కథానిలయం ఉంది, 1997 నుంచీ. ఒక రోజు వెళ్ళి ఆ పాత పత్రికల మధ్య కూర్చో. నా ఉత్తరాలకంటే ఎక్కువ పనిచేస్తుంది.

ఒంటరిగా అనిపిస్తోంది అన్నావు. అనిపిస్తుంది. దానికి నా దగ్గర మందు లేదు.

ఒక్కటి మాత్రం పట్టుకో. కథ సగంలో ఉండగా ఎవరికీ చూపించకు, నాక్కూడా. సగం చూపిస్తే మిగతా సగం వాళ్ళకోసం రాస్తావు. మొన్న వాట్సాప్‌లో పెట్టిన రెండు పేరాలకి వచ్చిన చప్పట్ల బొమ్మలు చూసుకునేగా మూడో పేరాలో వర్షం కురిపించావు? కథలో అది ఎండాకాలం. పూర్తయ్యాక మాత్రం ఒక మనిషి కావాలి. ఒక్కరు చాలు. "బాగుందా?" అని అడక్కు. బాగుందనే అంటారు, మర్యాద మరి. చేతికి పెన్సిలిచ్చి, చదువుతూ ఎక్కడ ఫోను అందుకోవాలనిపించిందో అక్కడ గీత పెట్టమను. ఆ గీతకి పై పేరా దిద్దుకో. మీ అత్తయ్య నాకు ఈ విషయంలో దేవత. కుక్కరు కూతకి లేచిందంటే ఆ పేజీలో ఏదో సాగదీశానన్నమాట. కూర అడుగంటినా లేవలేదంటే ఇక దాని జోలికి వెళ్ళను. ఆవిడ ఏం చెప్తుందో నేను పెద్దగా వినను, ఎప్పుడు లేస్తుందో చూస్తాను.

రెండో ప్రతి చించి పారెయ్యి. మొదటిదాన్ని దిద్ది దసరాకి వచ్చేటప్పుడు పట్టుకురా. ఫోన్లో పీడీఎఫ్ నా కళ్ళకి ఆనదు. కాగితానికి ఒకవైపే రాయి, పక్కన నేను గీసుకోవడానికి నాలుగు వేళ్ళ చోటు వదులు.

మామయ్య