ఉంటే చాలదు, అందాలి

టమాటాను తిప్పి అడుగు చూడండి. పైన నిగనిగలాడే కాయకే అడుగున రూపాయి బిళ్లంత నల్లమచ్చ, లోపలికి నొక్కుకుపోయి తోలులా ఉంటుంది. టమాటా వేసే రైతులకు ఇది పాత తలనొప్పి. చూడగానే తెగులనుకుని మందు డబ్బా కోసం పరుగెత్తేవాళ్లే ఎక్కువ. అది తెగులు కాదు. కాయకు కాల్షియం అందలేదు. తెగుళ్ల మందు ఎంత కొట్టినా డబ్బు దండగే.

తమాషా ఏమిటంటే, మట్టి పరీక్ష చేయిస్తే చాలా పొలాల్లో కాల్షియం సరిపడానే ఉంటుంది. ఉంది కానీ చేరలేదు! మనమూ అంతే. పని తేలిపోగానే ‘నాకు తెలివి లేదు’ అని తీర్పు ఇచ్చేసుకుంటాం. ఆ తెలివి రోజంతా ఎటు పోతోందో మాత్రం చూసుకోం.

మొక్కలో కాల్షియం నీటి వెంటే నడుస్తుంది. ఆకు పొద్దంతా నీటిని ఆవిరి చేస్తుంది కాబట్టి నీరూ, దాంతోపాటు కాల్షియమూ అటే పరుగు. కాయ నుంచి ఆవిరయ్యేది తక్కువ, దానికి దక్కే వాటా కూడా తక్కువే. నత్రజని, పొటాష్ అయితే ముదురాకుల్లోంచి కదిలి అవసరమైన చోటికి వెళ్తాయి. కాల్షియం అలా కాదు, ఆకులో చేరిందంటే ఇక అక్కడే. అందుకే యూరియా గుప్పిన తోట ఏపుగా, చూడముచ్చటగా ఉన్నా కాయ అడుగు నల్లబడుతుంది. కొత్త చిగుళ్లే అంతా లాగేసుకుంటాయి. నలుగురూ మెచ్చుకునే పనులన్నీ నెత్తికెత్తుకుని అసలు పనిని పస్తు పెడుతున్నారేమో, ఈ వారం మీ డైరీ తిరగేయండి. రెండు పనులకు ‘కుదరదు’ అని చెప్పండి. మొహమాటం ఒక్కరోజే ఉంటుంది.

ఇక అదును. కాయ తన కాల్షియంలో ఎక్కువ భాగాన్ని పిందె దశలోనే తీసుకుంటుంది. ఆపిల్‌లోనూ ఇదే కథ. లోపం తొలి వారాల్లోదే అయినా, మచ్చలు మాత్రం ఒక్కోసారి కోసి నిల్వ పెట్టాక బయటపడతాయి. కాయ రంగు తిరిగాక ఎరువు బస్తాలు మోసి లాభం లేదు. కొత్త ఉద్యోగంలో చేరారా? అడగాల్సిన ప్రశ్నలన్నీ మొదటి నెలలోనే అడిగేయండి. ఏడాది తర్వాత అడగడానికి మీకే సిగ్గేస్తుంది.

నీటి తడి దగ్గర మాత్రం రాజీ పడొద్దు. వారం ఎండబెట్టి ఒకేసారి ముంచెత్తితే కాల్షియం సరఫరా తెగిపోతుంది. అనంతపురం వైపు దానిమ్మ తోటల్లో కాయలు పగలడానికి పెద్ద కారణాల్లో ఈ ఎండు-తడి ఆటే ఒకటి. డ్రిప్‌తో కొంచెం కొంచెంగా ఇచ్చి, మొక్కల మొదళ్ల దగ్గర మల్చింగ్ వేస్తే సగం బాధ తీరుతుంది. ఆదివారం ఆరు గంటలు చదివి సోమవారం నుంచి పుస్తకం ముట్టని విద్యార్థికీ నేను చెప్పేది ఇదే: రోజూ గంట చాలు, కానీ రోజూ!

పిచికారీ సంగతి. లీటరు నీటికి 5 గ్రాముల కాల్షియం క్లోరైడ్ కలిపి చల్లపూట కొడతారు. అయితే అది కాయలకు తగలాలి. ఆకుల మీద పడింది కాయకు చేరదు. కొడుకు మార్కుల గురించి వీధంతా గొప్పగా చెప్పి, వాడి ఎదుట మాత్రం ముఖం గంటు పెట్టుకునే నాన్నలూ, ఇది మీకే. వాడికే చెప్పండి, ఈ రాత్రి అన్నం దగ్గరే.

ఒకసారి మచ్చపడ్డ కాయ మళ్లీ బాగుపడదు. దాన్ని చూసి కుమిలిపోకుండా తెంపి పారేసి, పై గుత్తుల్లో పడుతున్న పిందెలకు వేళకు తడి ఇవ్వండి.