కరపత్రంలో నాలుగు పేర్లు

అఫ్జల్‌గంజ్,
హైదరాబాద్.

చిరంజీవి బుజ్జమ్మకు,

నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పిన మాట విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఫోనులో నీతో మాట్లాడితే నువ్వు "సరే తాతయ్యా, సరే తాతయ్యా" అంటావు, నేను చెప్పదలచుకున్నది సగంలో ఆగిపోతుంది. అందుకే కాగితం తీశాను.

డిసెంబరు 6న, జాజ్ పియానో విద్వాంసుడు డేవ్ బ్రూబెక్ పుట్టినరోజు నాడు, బెంగళూరులో ఆయన పాటలతో కచేరీ చేస్తున్నానని నువ్వు రాసినప్పుడు ఎంత పొంగిపోయానో ఈ వీధిలో అందరికీ తెలుసు. నువ్వు పంపిన కరపత్రాన్ని మీ నాన్న కాగితం మీద తీయించి తెచ్చిచ్చాడు. పైన నీ పేరు పెద్ద అక్షరాల్లో. మధ్యలో బ్రూబెక్ బొమ్మ. కింద హాలు, టైము, టికెట్టు ధర. బాస్ వాయించే అబ్బాయి పేరు లేదు. డ్రమ్స్ అబ్బాయి పేరు లేదు. శాక్సఫోన్ అమ్మాయి పేరూ లేదు. చోటు చాలక వదిలేశారేమో అనుకున్నాను. ఇప్పుడు అమ్మ చెబుతోంది, వాళ్లు అసలు కచేరీలోనే లేరట. రిహార్సల్‌కు ఆలస్యంగా వస్తున్నారని, ఐదు లెక్క దగ్గర డ్రమ్స్ అబ్బాయికీ నీకూ మాటామాటా వచ్చిందని, ముగ్గురినీ ఆపేసి లాప్‌టాప్‌లో ట్రాక్ పెట్టుకుని ఒక్కదానివే వాయిస్తావని. నిజమేనా తల్లీ? అమ్మ సగమే విని చెప్పిందేమో. సంగతేమిటో నువ్వే రాయి.

ముందు ఆ ఐదు లెక్క మాట తేల్చుకుందాం. నువ్వు మీ నానమ్మ పక్కన కూర్చుని నేర్చిన ఖండచాపు "తక తకిట". రెండూ మూడూ. నీ ఒంట్లో ఇంకిపోయింది అది. మీరు వాయించే "టేక్ ఫైవ్" పాట నడక అలా కాదు, "తకిట తక". మూడూ రెండూ. వరసగా వేస్తూ పోతే రెండూ ఒకటేలా వినిపిస్తాయి, కానీ సమం ఎక్కడ పడుతుందన్న దగ్గర మనిషికీ మనిషికీ తేడా వస్తుంది. మీ గొడవ అక్కడే ఉందని నా అనుమానం. ఇద్దరూ వాయిద్యాలు పక్కన పెట్టి, ఎదురెదురుగా కూర్చుని, తొడ మీద చేత్తో తాళం వేసుకోండి. పావుగంట చాలు. "బ్లూ రోండో అ లా టర్క్"కూ అంతే. "తక తక తక తకిట", మొత్తం తొమ్మిది. మూడు ఆవర్తాలు అలా వెళ్లి, నాలుగోది "తకిట తకిట తకిట" అవుతుంది. మన సంకీర్ణ నడక తెలిసిన పిల్లకు ఇది కొత్త కాదు. నీకు ఆ నడక ముందే వచ్చు. అతనికి రాలేదని కోపం తెచ్చుకోవద్దు, నేర్పు.

అన్నం వేళకు తింటున్నావా? హాస్టల్లో రాత్రి పెరుగన్నం దొరకడం లేదని అమ్మ బాధపడుతోంది. చలికి వేళ్లు బిగుసుకుంటాయి, వాయించే ముందు కాసేపు గోరువెచ్చని నీళ్లలో పెట్టు.

ఇక పేర్ల సంగతి. నేను అక్షరాలు పేర్చిన ప్రెస్సు కబుర్లు నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ కచేరీ కరపత్రానికి ఒక వరస ఉండేదని మాత్రం నీకెప్పుడూ చెప్పలేదు. పాడేవారి పేరు 36 పాయింట్ టైపులో. దాని కింద 18లో వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, ఘటం ఎవరు. ఏ పేరు ముందూ "శ్రీ" పోకూడదు. శ్రుతిపెట్టె పట్టుకుని కూర్చునే పిల్లవాడి పేరు కూడా కొందరు వేయించేవారు. అక్షరం అక్షరం ఏరి స్టిక్కులో పేర్చేటప్పుడు నాకు ఒక్కో పేరూ చేతికి బరువుగా తగిలేది. అది సీసం బరువే కాదు.

గౌలిగూడ వైపు ఒక ఉత్సవ కమిటీ వాళ్లు హరికథకు కరపత్రం వేయించారు. ప్రూఫు చూశాక, చందా ఇచ్చిన ఇంకో పెద్దమనిషి పేరు చేర్చమన్నారు. కాగితం చిన్నది. ఏదో ఒక లైను తీయాలి. మృదంగం లైను తీయమన్నారు. నేను వద్దన్నాను, అక్షరాలు చిన్నవి చేసి ఇరికిస్తానన్నాను. వినలేదు. అచ్చయి, కట్టలు కట్టాక, సాయంత్రం ఒక పెద్దాయన వచ్చాడు. భుజాన గుడ్డసంచిలో మృదంగం. "బాబూ, రేపటి హరికథ కాగితాలు రెండిస్తావా, ఊరికి పంపాలి" అన్నాడు. ఇచ్చాను. గుమ్మంలో వెలుతురుకు తిప్పి చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఒకటి మడిచి జేబులో పెట్టుకుని, రెండోది నా చేతికి తిరిగిచ్చి, "ఒకటి చాల్లే బాబూ" అని వెళ్లిపోయాడు. మర్నాటి రాత్రి హరికథకు వెళ్లాను. ఎక్కడా తగ్గకుండా వాయించాడు. ఆయన పేరు ఎవరికి తెలుసు? నాకు తెలుసు. ఆ లైను పేర్చింది నా చేతులే, తీసింది నా చేతులే.

ఇదంతా పాతకాలపు ముచ్చట అనుకోకు. నువ్వు పండగ చేస్తున్నది ఎవరికో ఒకసారి చూడు.

నాకు జాజ్ పరిచయమైంది ఈ అఫ్జల్‌గంజ్‌లోనే. వెనక సందులో గడియారాలు బాగుచేసే ఆయన దగ్గర మర్ఫీ రేడియో ఉండేది. రాత్రి దుకాణాలు కట్టేశాక, గంజ్‌లో బండ్ల చప్పుడు తగ్గాక, షార్ట్ వేవ్‌లో వాయిస్ ఆఫ్ అమెరికా పట్టేవాడు. 1955 నుంచి విల్లిస్ కానోవర్ అనే ఆయన జాజ్ కార్యక్రమం నడిపేవాడు. ఇంగ్లీషు అంతంత మాత్రం వచ్చిన వాళ్లు లోకమంతా వింటున్నారని తెలిసి, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ నిదానంగా పలికేవాడు. నాకు అర్థమయ్యేది అందుకే. పాట అయ్యాక వాయించిన వాళ్ల పేర్లు చెప్పేవాడు. బ్రూబెక్ పేరు వినే సరికే శాక్సఫోన్ పాల్ డెస్మండ్, బాస్ యూజీన్ రైట్, డ్రమ్స్ జో మోరెల్లో పేర్లు కూడా నా చెవిన పడ్డాయి. నాకు ఆ నాలుగు పేర్లూ ఒక్కటే పేరు.

యూజీన్ రైట్ నల్లజాతి వాడు, మిగతా ముగ్గురూ తెల్లవాళ్లు. 1958 ఫిబ్రవరిలో ఉత్తర కరోలినా రాష్ట్రంలో ఈస్ట్ కరోలినా కాలేజీకి కచేరీకి వెళ్లారు. హాలు నిండా పిల్లలు. రైట్ వేదిక ఎక్కడానికి వీల్లేదన్నారు కాలేజీ వాళ్లు. ఆయన ఎక్కకపోతే మేమూ ఎక్కం అన్నాడు బ్రూబెక్. లోపల ఆలస్యమవుతుంటే పిల్లలు కాళ్లు నేలకేసి కొడుతున్నారు. మాటలు పైదాకా వెళ్లి, చివరికి సరేనన్నారు కానీ రైట్ వెనకాల కనపడకుండా ఉండాలన్నారు. బ్రూబెక్ ఏం చేశాడో తెలుసా? నీ మైకు పనిచేయడం లేదు, ముందుకొచ్చి నా మైకు దగ్గర వాయించు అని రైట్‌ను అందరికంటే ముందుకు పిలిచాడు. రైట్‌కు అసలు సంగతి అప్పటికి తెలియదు.

కొన్ని వారాలకే అదే నలుగురినీ అమెరికా ప్రభుత్వం తమ దేశపు స్వేచ్ఛ చూపించమని లోకం మీదికి పంపింది. పోలండ్, టర్కీ, మన దేశం, సింహళం, పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్, ఇరాన్, ఇరాక్. మద్రాసు రేడియోలో మృదంగ విద్వాన్ పళని సుబ్రహ్మణ్య పిళ్లైను కలిశారు. మోరెల్లో ఆయన పక్కన కూర్చుని వాయించాడు. పిళ్లై ఎడమచేతి వాటం వారని నీకు తెలుసా? ఎడమచేతి వాటం మృదంగం వేదికకు రెండో వైపున కూర్చోవాలి, అప్పుడు వయొలిన్ ఇటు జరగాలి. జరగబోమని కొందరు వయొలిన్ వాళ్లు భీష్మించారు. చెంబై వైద్యనాథ భాగవతార్ మాత్రం పిళ్లైను కూర్చోవాల్సిన వైపే కూర్చోబెట్టుకుని పాడారు. కర్ణాటక సంగీతంలోనైనా జాజ్‌లోనైనా పెద్దవాళ్లు పక్కవాద్యానికి చోటు ఎలా ఇచ్చారో చూడు.

1960లో రైట్ విషయంలో మళ్లీ వచ్చింది అదే సమస్య. అమెరికా దక్షిణాది కాలేజీల్లో 25 కచేరీలు కుదిరాయి. రైట్ బదులు తెల్లవాణ్ణి తెచ్చుకొమ్మన్నారు. బ్రూబెక్ ఒప్పుకోలేదు. ఇరవైకి పైగా రద్దయ్యాయి. ఆ రోజుల్లో అది ఎంత డబ్బో ఆలోచించు, ఇంటినిండా పిల్లలున్న మనిషికి. టీవీ వాళ్లు రైట్‌ను కెమెరాకు కనపడకుండా ఉంచుతామంటే అదీ మానుకున్నాడు. ఇలాంటి మనిషి పేరు మీద కచేరీ చేస్తూ బాస్ పెట్టెలో పెట్టుకుంటావా అమ్మడూ? రిహార్సల్‌కు ఆలస్యంగా వచ్చాడనా?

నిన్ను కష్టపెట్టాలని కాదు. నీ కోపం నాకు తెలుసు, అది మీ తాతయ్య కోపమే, వచ్చినంత వేగంగా పోతుంది. పోయే లోపల ఆ ముగ్గురినీ పోగొట్టుకోవద్దు.

ఇంకొక మాట. కరపత్రంలో "బ్రూబెక్ రచించిన టేక్ ఫైవ్" అని వేశారు. అది ఆయనది కాదు. పాల్ డెస్మండ్‌ది. 1959లో "టైమ్ అవుట్" రికార్డుకు, మోరెల్లో డ్రమ్స్ వినిపించడానికని కట్టిన పాట. లోకమంతా బ్రూబెక్ పాట అనుకుంటుంది. డెస్మండ్ 1977లో పోతూ పోతూ దాని రాయల్టీలు అమెరికన్ రెడ్‌క్రాస్‌కు రాసిపోయాడు. ఆయన పేరు కూడా వేయకపోతే ఆయనకు ఇంకేం మిగిలింది? తప్పనిసరిగా మార్పించు. "బ్లూ రోండో" మాత్రం బ్రూబెక్‌దే, కానీ ఆ తొమ్మిది లెక్క ఇస్తాంబుల్ వీధి వాయిద్యగాళ్ల దగ్గర విన్నది. వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. అందుకే కాబోలు పాట పేరులోనే టర్కీని పెట్టాడు.

1954లో టైమ్ పత్రిక ముఖచిత్రంగా బ్రూబెక్ బొమ్మ వేసింది. ఆ పాత సంచిక నేను ఇక్కడి సెంట్రల్ లైబ్రరీలో చూశాను. మా నోట అది ఇప్పటికీ ఆసఫియానే. పత్రిక వచ్చిన రోజు డెన్వర్‌లో హోటల్ గది తలుపు తట్టి, దాన్ని బ్రూబెక్ చేతికిచ్చింది ఎవరనుకున్నావు? జాజ్‌లో మహా విద్వాంసుడు డ్యూక్ ఎల్లింగ్టన్. బ్రూబెక్ సిగ్గుతో కుంచించుకుపోయాడట. ముందు డ్యూక్ బొమ్మ రావాలి, తరవాతే తనది అని ఆయన నమ్మకం. ఆ మాట జీవితాంతం చెప్పుకున్నాడు. ఒక పేరు ఎక్కడ, ఎవరి తరవాత రావాలో ఆయనకు అంత పట్టింపు. నాకూ అంతే పట్టింపు తల్లీ, వయసుతో పెరుగుతోంది తప్ప తగ్గడం లేదు.

అసలు "టేక్ ఫైవ్" రికార్డు ఇంకోసారి విను. పియానో మీద కాదు చెవి పెట్టాల్సింది. బ్రూబెక్ అందులో సోలో వాయించడు. పాట మధ్యలో వచ్చే చిన్న భాగం తప్ప మొదటి నుంచి చివరి దాకా రెండే కార్డ్‌లు. డెస్మండ్ శాక్సఫోన్ వాయిస్తున్నా అవే, మోరెల్లో డ్రమ్స్ మీద ఆడుకుంటున్నా అవే. తని ఆవర్తనం జరుగుతున్నంతసేపూ గాయకుడు తాళం వేస్తూ కూర్చున్నట్టు కూర్చున్నాడు, తన పేరు మీద వచ్చిన రికార్డులో. మోరెల్లో ఆగుతాడు, అంతలో తోస్తాడు, ఒక్క దెబ్బ కొట్టి ఖాళీ వదిలేస్తాడు. ఆ ఖాళీలో పియానో నడుస్తూ ఉండబట్టే మనకు గుండె జారదు. ట్రాక్ పెట్టుకుంటే నువ్వు ఎవరి కోసం ఆ కార్డ్‌లు పట్టి ఉంచుతావు? అది నీ కోసం ఆగదు. నువ్వు తడబడితే సర్దుకోదు. నువ్వు బాగా వాయిస్తే నవ్వదు. మోరెల్లోకు చిన్నప్పటి నుంచీ చూపు సరిగా లేదు, తెలుసా? వినడంతోనే పని నడిపాడు.

ఆ నలుగురిలో చివరిదాకా మిగిలింది యూజీన్ రైట్. 2020 డిసెంబరు చివర, 97 ఏళ్ల వయసులో పోయాడు. ఆ వార్త చదివిన రోజు నీకు ఫోను చేశాను, నువ్వు పరీక్షల్లో ఉన్నావు.

డబ్బు అడ్డమైతే చెప్పు. ఆ ముగ్గురికీ ఆటో ఖర్చు, భోజనం, రిహార్సల్ గది అద్దె, నేను పంపుతాను. మీ నాన్నకు చెప్పక్కర్లేదు. ఉత్తరంతో పాటు మాగాయ సీసా ఒకటి, సున్నుండలు ఒక డబ్బా మీ పిన్ని కొడుకు చేత పంపిస్తున్నాను. సున్నుండలు రిహార్సల్‌కు తీసుకుపో. డ్రమ్స్ అబ్బాయికి ముందు పెట్టు.

కరపత్రం మళ్లీ వేయించే ముందు మాటర్ నాకు పంపు. ముగ్గురి పూర్తి పేర్లూ, ఇంటిపేర్లతో సహా, వాళ్లనే అడిగి వాళ్ల చేత్తోనే రాయించుకుని పంపు. స్పెల్లింగులు నేను చూస్తాను. నీ పేరు ఎంత పెద్దగా వేసినా ఫర్వాలేదు, వాళ్ల పేర్లు కంటికి ఆనాలి. "టేక్ ఫైవ్" పక్కన డెస్మండ్ పేరు మరవకు.

కచేరీకి నేను వస్తున్నాను. మోకాళ్లు ఒప్పుకోకపోయినా వస్తాను, మీ నాన్న కాచిగూడ నుంచి రాత్రి రైలుకు టికెట్లు తీస్తానన్నాడు. ముందు వరస వద్దు, అక్కడ పియానో మూతే కనిపిస్తుంది. బాస్ అబ్బాయి నిలబడే వైపు, మధ్యలో ఎక్కడైనా రెండు కుర్చీలు పట్టి ఉంచు.

ఆశీస్సులతో,
నీ చిన్నతాతయ్య