తైషాన్ పర్వత వృక్షములు

క్షేత్రమునకు మూర్తియు తీర్థమును ఎంత ముఖ్యములో స్థలవృక్షమును అంత ముఖ్యము. ఆళ్వార్ తిరునగరిలో నమ్మాళ్వారులకు ఆశ్రయమైన చింతచెట్టును శ్రీవైష్ణవులు ఆదిశేషుని అంశముగా భావించి సేవించుచున్నారు. ఇట్టి వృక్షగౌరవము మన దేశమునకే పరిమితము కాదు. చీనాదేశమున షాన్‌డాంగ్ రాష్ట్రమందలి తైషాన్ పర్వతము ఇందులకు నిదర్శనము.

చీనీయుల పంచ పవిత్రపర్వతములలో తైషాన్ అగ్రగణ్యము. ఎత్తు సుమారు 1,545 మీటర్లు. పూర్వము చక్రవర్తులు ఈ కొండపై భూమ్యాకాశములను అర్చించిరి. నేటికిని యాత్రికులు ఆరువేలకు పైగా రాతిమెట్లెక్కి శిఖరమును చేరుచున్నారు. 1987లో ఇది యునెస్కో ప్రపంచ వారసత్వ పట్టికలో చేరినది. కొండ దిగువనున్న దాయ్ దేవాలయ ప్రాంగణములో, హాన్ వంశపు వూ చక్రవర్తి నాటించెనని ప్రతీతిగల సైప్రస్ వృక్షములు కలవు. వాని వయస్సు రెండువేల సంవత్సరములకు పైబడినదందురు. శీతకాలమునను పచ్చదనము వీడని ఈ జాతి వృక్షములను, దేవదారువును పోలిన పైన్ వృక్షములను, కష్టకాలమున చలింపని సత్పురుషునికి ఉపమానముగా కన్‌ఫ్యూషియస్ పేర్కొనెను.

ఈ కొండపై ఒక వృక్షకథ మిక్కిలి ప్రసిద్ధము. క్రీ.పూ. 219లో చిన్ షి హువాంగ్ చక్రవర్తి తైషాన్ నెక్కి దిగుచుండగా గాలివాన వచ్చెను. ఆయన ఒక చెట్టు క్రింద తలదాచుకొని, ఆ ఉపకారమునకు మెచ్చి దానికి ‘వూదాఫు’ అను రాజోద్యోగపు బిరుదమును ప్రసాదించెను. ఆ నామమున ‘ఐదు’ అను పదముండుటచే తరువాతివారు అవి ఐదు చెట్లని తలచిరి. మొదటి వృక్షము కాలగర్భమున కలిసినను, 18వ శతాబ్దమున అదే పేరిట పైన్ మొక్కలను మరల నాటిరి. చెట్టు పోయినను దాని ఉపకారస్మృతి పోలేదు.

అయితే ఈ వృత్తాంతమును చెప్పిన చరిత్రకారుడు సిమా చియనే మరియొక సంగతియు వ్రాసెను. అదే సంవత్సరమున షియాంగ్ పర్వతముకడ పెనుగాలి తన ప్రయాణమున కడ్డుపడగా, ఆ చక్రవర్తియే కోపించి, మూడువేలమంది ఖైదీలచే ఆ కొండమీది చెట్లన్నియు నరికించెనట! ఒకచోట బిరుదము, ఒకచోట గొడ్డలి. రెండింటికిని మూలము స్వప్రయోజనమే. తనకు నీడనిచ్చినది పూజ్యము, తన దారికి రానిది వధ్యము. దీనిని భక్తి యనవచ్చునా?

శ్రీమద్భాగవత దశమస్కంధమున శ్రీకృష్ణపరమాత్మ గ్రీష్మతాపములో గోపబాలురకు బృందావన వృక్షములను చూపి, ఎండవానలను తాము భరించుచు ఇతరులను కాపాడు వాని జన్మమే ధన్యమని బోధించెను. అచ్చట స్వామి మెచ్చినది తనకు కలిగిన లాభమును కాదు, చెట్టుయొక్క పరార్థజీవనమును.

కావున యాత్రికులారా! మ్రొక్కు తీరినదని చెట్టునకు పసుపు పూసి, మరుక్షణమే దాని మానుపై పేర్లు చెక్కుట, మేకులు కొట్టుట, వేళ్లపై కర్పూరము వెలిగించుట తగదు. ప్రదక్షిణముతోపాటు ఒక చెంబెడు నీరు పోయుడు. ఎన్నడును మనకు నీడనీయబోని మొక్కను గూడ అట్లే కాపాడుడు. అదియే నిష్కామమైన వృక్షారాధనము.