చెరువుకట్ట మీది సూర్యాస్తమయము

పంచాయతీ సమావేశములలో వీధి దీపములు, మురుగు కాలువలు, పన్నుల వసూలు చర్చకు వచ్చును గాని, సూర్యాస్తమయము చర్చకు వచ్చుట అరుదు. రాబడి లేని దృశ్యముతో పంచాయతీకి పని యేమని సభ్యులకు తోచుట సహజమే. అయినను ఆ దృశ్యమును చూచుటకు అనువైన స్థలము అనేక గ్రామములలో ఉన్నది. అది మన కన్నుల యెదుటనే పాడగుచున్నది. ఆ స్థలము చెరువుకట్ట.

తెలుగువారి సముద్రతీరము తూర్పు తీరము. విశాఖపట్టణములో గాని, మచిలీపట్టణములో గాని సూర్యుడు సముద్రమునుండి ఉదయించునే గాని సముద్రములో అస్తమింపడు. నీటి మీదుగా దిగు సూర్యుని చూడగోరువారు రాజమహేంద్రవరము రేవులలో నిలిచి, గోదావరికి ఆవల కొవ్వూరు వైపు చూడవలెను; లేదా తమ ఊరి చెరువునకు పోవలెను. దక్కను పీఠభూమి మొత్తముమీద పడమటినుండి తూర్పునకు వాలియున్నది. కృష్ణా గోదావరులు తూర్పునకు పారుట అందువలననే. చెరువునకు కట్టను వాలునకు అడ్డముగా, పల్లపు వైపున వేయుదురు. కావున నేల తూర్పునకు వాలినచోట కట్ట తూర్పునను, నీరు పడమటను ఉండును. అన్ని చెరువులును ఇట్లే యుండవు. స్థలము వాలునుబట్టి మారును. ఇట్లున్నచోట మాత్రము కట్టపై నిలిచి నీటివైపు చూచినవాడు పడమటి ఆకాశమునే చూచును. పెద్దలు కట్టను పైరుకొరకు వేసిరి. ఈ లాభము అడుగకయే వచ్చినది.

పొద్దు గూకుటకు పావుగంట ముందుగా పోవుట మంచిది. సూర్యబింబము మిరుమిట్లు గొలుపుచున్నంతసేపు దానిని సూటిగా చూడరాదు. పిల్లలకు ఈ సంగతి చెప్పవలెను. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పటికంటె దిగంతమున ఉన్నప్పుడు అతని కాంతి సుమారు 38 రెట్లు ఎక్కువ గాలిని దాటి రావలసియుండును. ఆ దారిలో నీలికాంతి చెదరిపోగా, ఎరుపు, పసుపు మిగులును. బింబము కొంచెము నొక్కిన లడ్డువలె అగపడుటకు కారణము, గాలి దాని క్రింది అంచును పై అంచుకంటె ఎక్కువగా పైకెత్తి చూపుటయే. ఈ వంపు దాదాపు అర డిగ్రీ. బింబము వెడల్పును అంతే. అనగా బింబము దిగంతమును తాకినట్లు కనబడు వేళకు సూర్యుడు నిజముగా క్రిందికి దిగిపోయియే యుండును.

తాకినది మొదలు మునుగువరకు రెండు నిమిషములకంటె కొంచెము ఎక్కువ పట్టును. అంతటితో లేచిపోవువారు అసలైనదానిని విడిచిపోవుచున్నారు. మరి పదునైదు నిమిషములు కూర్చుండినచో, ఎత్తున నున్న పలుచని మబ్బులు అడుగునుండి రంగెక్కును; చెరువునీరు వానిని రెట్టించి చూపును. ఆకాశము నిర్మలముగా నున్ననాడు వెనుకకు తిరిగి, ఆయకట్టు పొలములమీదుగా తూర్పు దిక్కు చూడుడు. నేల నానుకొని బూడిదనీలపు పట్టీ, దానిపై లేత గులాబి చాయ కనబడును. ఆ నీలపు పట్టీ మన భూమి నీడయే.

ధూళి, పొగ ఉన్నచో ఎరుపు హెచ్చునని కొందరందురు. 1883లో నేటి ఇండోనేషియాలోని క్రకటోవా అగ్నిపర్వతము ప్రేలినప్పుడు దూరదేశములలో సహా సంధ్యలు అసాధారణముగా ఎరుపెక్కిన మాట నిజమే. కాని ఆ ధూళి మిక్కిలి ఎత్తున నిలిచినది. చెత్తకుప్పల పొగ, వరికొయ్యల పొగ నేల నంటియుండి రంగులను మసకబరచును. వాన వెలిసిన సాయంకాలము చూచినవారికి ఈ భేదము తెలియును.

ఇక పంచాయతీ పని. అనేక గ్రామములలో చెత్తబండి కట్టమొదటనే క్రుమ్మరింపబడుచున్నది. సర్కారు తుమ్మ నీటిని కనబడనీయదు. పెద్దచెట్ల వేళ్లు కట్టకు చేటు గూడ. కట్టను బహిర్భూమిగా వాడుచోట కూర్చుండువాడెవ్వడు? తుమ్మను తొలగింపవలెను, చెత్తకు వేరు చోటు చూపవలెను, రెండు బండలు వేయవలెను. నీటిపారుదల శాఖ ఇంజనీరుతో చెప్పకుండ కట్టను త్రవ్వుట, మెట్లు కోయుట తగదు. సిమెంటు తోరణములు, రంగుబొమ్మలు అక్కరలేదని ఈ రచయిత అభిప్రాయము. దీపము కట్టమొదట, దారికి, ఒక్కటి చాలును; నీటియెదుట పెద్ద దీపస్తంభము నిలిపినచో సంధ్య కనబడదు. దారి మాత్రము వృద్ధులకు, స్త్రీలకు జంకులేకుండ నడువదగినదై యుండవలెను. పగలెల్ల పొలములో, ఇంట పనిచేయు ఆడువారు ఆ వేళ అరగంట కూర్చుండుటకు ఊరిలో వేరు చోటు తరచుగా ఉండదు.

ఈ పని మనకు క్రొత్తది కాదు. తెలంగాణములో బతుకమ్మను నీట విడుచుటకు స్త్రీలు చెరువునకు పోవు దారిని ఏటేట శుభ్రము చేయించుచునే యున్నాము. పండుగ దాటిన కొన్ని వారములకే తుమ్మమొలకలు మరల లేచును. నవంబరు చివరి దినములలో మనకు పొద్దు అన్నిటికంటె త్వరగా గూకును. అప్పటికి మొలకలు ఇంకను చేతితో పెరుకదగినంతయే యుండును.