తన కాఫీని తానే రుచి చూచుట

2019వ సంవత్సరమున అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. పేరు ప్రాంతమున కంతటికి వచ్చినది గాని, మేలురకము కొనువారు ఏ మూట కా మూటను రుచి చూచియే ధర కట్టుదురు. పరీక్షకుడు ముతకపొడిపై వేడినీరు పోసి, నాలుగు నిమిషము లుంచి, పాలును పంచదారయు లేకయే చెంచాతో జుఱ్ఱును. మేము ప్రదర్శనలకు పోయిన యూళ్లలో పలువురు రైతులు తమ పార్చిమెంటు నమ్మివేసి, సంతలో చికోరి కలిపిన పొడి కొని త్రాగుచున్నారు. తన సరకులోని దోషము తనకంటె ముందు కొనువానికి తెలియుట రైతునకు నష్టము.

ఫ్రెంచి ప్రెస్సు ఒకటి యున్నచో నీ పరీక్షను మనమే చేసికొనవచ్చును. సంఘమున కొకటి చాలును. ఇది గాజు పాత్ర; మూతగుండ దిగు కాడకు సన్నని తీగజల్లెడ యుండును. పేరు ఫ్రెంచిదే గాని, 1929లో దీనికి పేటెంటు పొందిన కాలిమాని ఇటలీ దేశస్థుడు.

మొదట గింజ సిద్ధము కావలెను. బాగుగా నెండిన పార్చిమెంటును రోట మెల్లగా దంచి, చెఱిగి, ఇనుప మూకుట సన్నసెగపై విడువక కలియబెట్టుచు వేపవలెను. చిటపట చప్పుడు సద్దుమణిగిన వెంటనే దింపి, చేటలో పోసి విసరి చల్లార్పవలెను. నల్లగా మాడ్చినచో మంచి చెడు లన్నియు ఆ మాడు రుచిలో మునిగిపోవును. ఒక దినము నిలువయుంచి గోధుమరవ్వవలె ముతకగా విసరవలెను. ఫిల్టరు పొడివలె మెత్తనైనచో జల్లెడలో నిఱుకుకొని కాడ దిగదు.

18 గ్రాముల పొడికి 300 మిల్లీలీటర్ల నీరు. తెర్లిన నీటిని అరనిమిషము ఆఱనిచ్చి పోసి, ఒకమాఱు కలిపి మూతబెట్టవలెను. నాలుగు నిమిషములకు కాడను నిదానముగా నొక్కి వెంటనే వంచుకొనవలెను. బలముగా నొక్కినచో వేడినీరు చిమ్మి చేయి కాలును.

గోరువెచ్చనైనపుడు తప్పులు బాగుగా బయటపడును. నాలుకను వగరు పట్టుకొన్నచో పచ్చికాయలు కలిసినవి. పులిసిన గంజివాసన వచ్చెనేని, గుజ్జు తీసిన గింజలు తొట్టిలో నెక్కువకాలము నిలిచినవి. చేత రుద్దగా జిగురు వదలి గరగరలాడినపుడే కడుగవలసి యుండెను. బూజుకంపు తడి గోనెలకు గుర్తు. పొగవాసన పొయ్యి మీది అటుకది. ఏనాటి కోత కానాటి మూట వేఱుగా నుంచి గుర్తు వ్రాసికొన్నగాని, తప్పెక్కడిదో తెలియదు. తెలిసినచో ఆ మూట నొక్కదానిని విడదీసి, తక్కినవాని ధర నిలుపుకొనవచ్చును.

పరీక్ష ముగిసిన పిదప పాలు పోసికొనుటకు మాకేమియు నభ్యంతరము లేదు. జల్లెడను మాత్రము విప్పి కడుగవలెను. అందు నిలిచిన నూనె ముక్కిపోయి, మఱునాటి మంచి కాఫీకిని ఆ కంపే పట్టును.