పాత కారు క్లచ్చు: ఒక పాఠము

పాత మోటారు కారులో క్లచ్చు ప్లేటునకు ఇరువైపుల లైనింగు రివెట్లతో బిగింపబడి యుండును. స్ప్రింగులు దానిని ఫ్లైవీలునకు అదిమి పట్టుటచే ఇంజను శక్తి చక్రములకు చేరును. పెడలు త్రొక్కినచో ఆ పట్టు విడును. లైనింగు అరిగినచో పట్టు జారి, ఇంజను ఎంత హోరెత్తినను బండి మిట్ట ఎక్కదు. రివెట్ల తలలు ఫ్లైవీలును గీరకమునుపే లైనింగు మార్చవలెను; క్రొత్తదానికి నూనె తగులరాదు.

విప్పునపుడు మరొక జాగ్రత్త వలయును. పలు పాత లైనింగులలో ఆస్బెస్టాసు కలదు. ఆ ధూళిని ఊదరాదు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను తడిగానే సంచిలో కట్టివేయవలెను. 2001లో మూతపడిన మన బంగారు గనులలో రాతిధూళి పీల్చి సిలికోసిస్ వ్యాధికి లోనైన తాతలను మన మెరుగుదుము. నేడు పనిముట్లు పట్టు మనుమలు ఆ పాఠమును మరువరాదని మేము కోరుచున్నాము.