ర్యాంకుతో పాటు ఇంకొకటి: పిల్లల్లో సాంకేతిక నాయకత్వం



పదో తరగతి ఫలితాలు రాగానే మన గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్లలో వినిపించే మాట ‘నూజివీడు ట్రిపుల్ ఐటీ’. సీటు వస్తుందా, రాదా అని లెక్కలు వేసుకుంటాం. ఆ చదువుల వెనుక ఉన్న ఆలోచన కూడా పిల్లలకు చెప్పదగినదే.

రాజ్ రెడ్డి గారు 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ పొందారు. మనిషి మాటను కంప్యూటర్ గుర్తించేలా చేసే పరిశోధనలో పేరు తెచ్చుకుని, 1994లో మరొకరితో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. 2008లో ఏర్పడిన ట్రిపుల్ ఐటీల విశ్వవిద్యాలయానికి ఆయనే తొలి ఛాన్సలర్.

అక్కడ పల్లెటూరి పిల్లలు పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల కోర్సులో చేరారు. చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చారు. ప్రభుత్వ బడుల్లో చదివినవారికి ప్రవేశాల్లో అదనపు పాయింట్లు కలిపారు. చదువు ఎవరికి అందడం లేదో చూసి, వారికి అందేలా పద్ధతిని మార్చడమే నాయకత్వం.

మీ పిల్లలకు ఇది ఎప్పుడు అవసరం? ఇంజనీరింగ్‌లో ప్రాజెక్టు నలుగురు కలిసి చేయాలి. పని పంచుకోవడం, తెలియనిది అడగడం, వెనకబడిన స్నేహితుణ్ణి కలుపుకుపోవడం ఎంట్రన్స్ పరీక్షలో రావు. ఎప్పుడూ ఒంటరిగా చదివిన మంచి ర్యాంకరు కూడా అక్కడ తడబడవచ్చు. అందుకే ఇప్పటి నుంచే ఇంట్లో ఇవి ప్రయత్నించండి:

1. నేర్పించమనండి. అమ్మమ్మకు వీడియో కాల్ చేయడం నేర్పాలి. షరతు ఒక్కటే: ఫోను తను తీసుకోకూడదు, మాటలతోనే చెప్పాలి.

2. పని పంచమనండి. నలుగురు స్నేహితులు వారం రోజులు వాన కొలవాలి. కొలిచేదెవరు, రాసేదెవరు, కంప్యూటర్‌లో గ్రాఫ్ గీసేదెవరు అన్నది ముందే కాగితం మీద పెట్టాలి.

3. విన్నది తిరిగి చెప్పించండి. ఐఐటీలు, ఐఐఎస్‌సీ 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్, 2017లో వచ్చిన స్వయం పోర్టల్‌లో పాఠాలు ఉచితం. ఇంటర్ పిల్లలు ఒక పాఠం చూసి, తమ్ముడికో చెల్లికో ఐదు నిమిషాల్లో తెలుగులో చెప్పాలి. చెప్పలేకపోతే మందలించకండి, మళ్లీ చూడమనండి.

ఈ నెల ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేటప్పుడు ‘ఎన్ని మార్కులు?’ అని అడిగాక, ‘ఎవరికి ఏం నేర్పావు?’ అని కూడా అడగండి.